దుకాణం మూసిన మర్నాటి సాయంత్రం

1937 అక్టోబరు 1 నుంచి మద్రాసు రాజధానిలోని సేలం జిల్లాలో కల్లు, సారా దుకాణాలన్నీ మూతపడ్డాయి. ఆ ఏడాది జులైలో పదవిలోకి వచ్చిన రాజాజీ మంత్రివర్గం చేసిన మద్యనిషేధ చట్టం మొట్టమొదట అమలైన జిల్లా అదే. చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. ఆ మర్నాటి సాయంత్రం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. దీపాలు పెట్టే వేళకు ఏళ్ల తరబడి దుకాణం దారి పట్టిన కాళ్లు, ఆ దుకాణం లేని సాయంత్రం ఎటు నడిచాయి? తాగుడు మానడం అనే విషయానికి అసలు చరిత్ర ఈ ప్రశ్నతోనే మొదలవుతుందని నా అభిప్రాయం.

ఆనాటి సేలం జిల్లా ఇప్పటి సేలం జిల్లా అంత చిన్నది కాదు. నేటి ధర్మపురి, కృష్ణగిరి, నామక్కల్ జిల్లాలు అందులోనే ఉండేవి. హోసూరు, డెంకణికోట ప్రాంతాల్లో తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. సేలం పట్టణంలోని తెలుగు దేవాంగుల మగ్గాలు, పల్లెల్లో నాయుళ్ల సేద్యం, తెలుగు మాట్లాడే అరుంధతీయుల కూలి బతుకులు అన్నీ ఆ జిల్లావే. రాజాజీ పుట్టిన తొరపల్లి హోసూరుకు దగ్గరి పల్లె. కాబట్టి సేలం ప్రయోగం పరాయివాళ్ల కథ కాదు. తమిళనాట స్థిరపడిన మన తాతల తరం ప్రత్యక్షంగా అనుభవించిన కథ.

ముందుగా ఆ దుకాణం వెనుక ఉన్న లెక్క చూడాలి. నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ఏ వ్యవహారాన్నైనా జమాఖర్చుల వైపు నుంచి చూడటం అలవాటైపోయింది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కింద తాటిచెట్టుకు పన్ను, దుకాణానికి వేలం పాట, సారా తయారీకి కంట్రాక్టు ఏర్పడ్డాయి. పాట ఎక్కువకు పాడినవాడు ఆ సొమ్ము రాబట్టుకోవాలంటే ఎక్కువ తాగించాలి. సర్కారుకు రాబడి పెరగాలంటే పాట పెరగాలి. ఇలా తాగేవాడి జేబులో పైసలు మూడు చేతులు మారి ఖజానాకు చేరేవి. 1930లలో మద్రాసు ప్రభుత్వ ఆదాయంలో సుమారు నాలుగో వంతు ఆబ్కారీదే. తండ్రి తాగిన డబ్బుతో బిడ్డకు బడి నడపడం సిగ్గుచేటని గాంధీజీ మథనపడింది ఈ లెక్క చూసే.

రాజాజీకి ఈ విషయం కొత్త కాదు. 1925లో తిరుచెంగోడు దగ్గర గాంధీ ఆశ్రమం పెట్టి, అక్కడి నుంచి మద్యనిషేధం కోసమే 1929లో 'విమోచనం' అనే తమిళ పత్రిక నడిపారు. ఆ ఊరు కూడా సేలం జిల్లాలోదే. తనకు గడప గడపా తెలిసిన జిల్లాను మొదటి ప్రయోగానికి ఎంచుకున్నారన్నమాట.

ఆ ప్రయోగంలో నేను మెచ్చుకునేది ఒకటుంది. దుకాణం మూస్తే మూడు చోట్ల గుంట పడుతుందని వాళ్లు ముందే గ్రహించారు. మొదటిది ఖజానాలో. దాన్ని పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. అన్ని రకాల సరుకుల మీద సాధారణ అమ్మకపు పన్ను దేశంలో మొదటిసారి వచ్చింది అప్పుడే. నేడు అంగట్లో మనం సరుకు కొన్నప్పుడల్లా కట్టే పన్నుకు ముత్తాత ఆ మద్యనిషేధం వల్ల పుట్టినవాడేనని చాలామందికి తెలియదు. రెండో గుంట గీతవృత్తివారి బతుకులో. వాళ్లకు తీపికల్లు దించి బెల్లం వండుకునే దారి చూపారు. చెట్టు అదే, కత్తి అదే, కుండలో సున్నం రాస్తే కల్లు పులవదు.

మూడో గుంట తాగేవాడి సాయంత్రంలో. దీన్ని పట్టించుకున్న ప్రభుత్వాలు చరిత్రలో బహు తక్కువ. సేలంలో గ్రామ సంఘాలు వేశారు. ఆటలు, భజనలు, వీధి నాటకాలు పెట్టించారు. టీ, కాఫీ దుకాణాలను ప్రోత్సహించారు. మిగిలిన కూలి డబ్బు మళ్లీ చెడుదారి పట్టకుండా పొదుపు సంఘాలు తెరిపించారు. దుకాణం అంటే కేవలం సరుకు అమ్మే చోటు కాదనీ, పగలంతా ఒళ్లు వంచిన మనిషి నలుగురితో కూర్చుని తన మాట తాను మాట్లాడుకునే చోటనీ, దాన్ని మూసినప్పుడు కూర్చోవడానికి మరో చోటు చూపాలనీ వాళ్లకు అర్థమైంది.

మొదటి ఏడాది గడిచాక మద్రాసు విశ్వవిద్యాలయం అర్థశాస్త్ర ఆచార్యులు పి.జె. థామస్ ఈ ప్రయోగం ఆర్థిక ఫలితాలను పరిశీలించారు. కుటుంబాల ఆదాయ వ్యయాలు చూసి, దుకాణానికి పోయే సొమ్ము ఎటు మళ్లిందో లెక్క కట్టారు. తిండికీ బట్టకూ ఖర్చు పెరగడం అందులో కనిపించింది. 1938 అక్టోబరులో చట్టాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు, 1939 అక్టోబరులో ఉత్తర ఆర్కాటు జిల్లాకు విస్తరించారు. అంటే సేలం తర్వాత మద్యనిషేధం చూసినవి తెలుగు జిల్లాలే. కాని ఉత్తర ఆర్కాటులో దుకాణాలు మూసిన నెలలోపే, యుద్ధం విషయమై కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసింది. యుద్ధకాలంలో సర్కారుకు డబ్బు కావలసివచ్చింది. నిషేధం ఎత్తేశారు. దుకాణాలు తెరుచుకున్నాయి.

ఇంచుమించు అవే సంవత్సరాల్లో భూగోళం అవతలి వైపు మరో ప్రయోగం జరిగింది. అమెరికా దేశం 1920 నుంచి 1933 దాకా దేశమంతటా మద్యాన్ని నిషేధించి, దొంగ సారానూ ముఠాలనూ అదుపు చేయలేక చివరికి నిషేధం రద్దు చేసుకుంది. ఆ తర్వాత రెండేళ్లకు, 1935 మే నెలలో, విలియం విల్సన్ అనే న్యూయార్కు షేర్ల వ్యాపారి ఒక కంపెనీ అజమాయిషీ చేజిక్కించుకునే పని మీద ఆక్రన్ అనే ఊరికి వెళ్లాడు. ఆ పని చెడింది. అతడు తాగుడు మాని అప్పటికి కొద్ది నెలలే. హోటలు వసారాలో ఒక పక్క మద్యశాల సందడి, మరో పక్క టెలిఫోను. అతడు టెలిఫోను వైపు వెళ్లి, ఆ ఊళ్లో తనవంటి మరో తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడించమని చర్చి పెద్దలను అడిగాడు. అలా కలిసినవాడు రాబర్టు స్మిత్ అనే శస్త్రవైద్యుడు. ఆ డాక్టరు చివరిసారి తాగిన 1935 జూన్ 10ని ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అనే సంఘం తన పుట్టినరోజుగా లెక్కించుకుంటుంది.

ఆ సంఘం పద్ధతి చాలా సాదా. తాగుడుతో నష్టపోయినవాళ్లు సాయంత్రం పూట ఒక గదిలో కూర్చుంటారు. పేరు పూర్తిగా చెప్పనక్కరలేదు, చందా లేదు. ఒకరి తర్వాత ఒకరు తమ కథ చెప్పుకుంటారు. జీవితాంతం తాగనని ఒట్టు వేయమనరు, ఈ ఒక్క రోజుకు తాగకుండా ఉండమంటారు. మధ్యలో కాఫీ. మన దేశంలో ఈ సమావేశాలు 1957లో మొదలయ్యాయి.

సేలంలో సర్కారు పెట్టించిన భజన గోష్ఠికీ, ఆక్రన్‌లో ఇద్దరు మనుషులు మొదలుపెట్టిన కాఫీ గోష్ఠికీ ఎవరూ చుట్టరికం కలపలేదు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశమూ లేదు. కాని ఇద్దరూ కనుక్కున్నది ఒకటే. తాగుడు మానితే డబ్బుతో పాటు పొద్దు కూడా మిగులుతుంది. మిగిలిన డబ్బును ఎక్కడ పెట్టాలో చెప్పడానికి మావంటి బ్యాంకులున్నాయి. మిగిలిన పొద్దును ఎక్కడ పెట్టాలి?

తర్వాతి చరిత్రలో మన ప్రభుత్వాలు ఈ రెండో పద్దును మరిచిపోయాయి. స్వాతంత్ర్యం వచ్చే ముందు 1946లో నిషేధం మళ్లీ విడతలుగా మొదలై, 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వ్యాపించింది. 1953లో పుట్టిన ఆంధ్ర రాష్ట్రానికి అది వారసత్వంగా వచ్చింది. నిషేధం సరిగా నడవడం లేదని, ఎత్తివేయాలని ఒక సంఘం సిఫారసు చేసింది. ఆ చర్చ మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒకే ఒక్క ఓటు తేడాతో కూలింది. తెలుగువాళ్ల తొలి ప్రభుత్వం పడిపోయింది కల్లు కుండ మీదనేనన్నమాట. తమిళనాడులో 1971లో నిషేధం ఎత్తేశారు, కొన్నేళ్లకు మళ్లీ పెట్టారు, 1981లో మళ్లీ ఎత్తేశారు. 1983లో ప్రభుత్వమే టోకు వ్యాపారానికి ఒక సంస్థ పెట్టింది. 2003 నుంచి చిల్లర అమ్మకమూ దాని చేతికే వచ్చింది. ఒకనాడు రాజాజీ ప్రభుత్వం మూయించిన సేలంలోనే దుకాణదారు స్థానంలో ప్రభుత్వం కూర్చుంది. యానాం సంగతి వేరు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండటం వల్ల మద్రాసు చట్టం దాని గడప తొక్కలేదు. చట్టానికి ఎల్లలుంటాయి, దాహానికి ఉండవు అని యానాం చుట్టుపక్కల వాళ్లకు వేరే చెప్పాలా!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది మాత్రం ఈ వరసలో ప్రత్యేకమైనది. అంతకు ముందు 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్ల సారాను పల్లెపల్లెకు చేర్చింది. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు, వాచకంలోని సారా పాఠం చదివి, అది తమ ఇంటి కథే అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందుండి ఊరి దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లా అంతటా పాకి, సారా వేలం పాటలే జరగకుండా పోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సేలం దుకాణాలు మూసిన తేదీ కూడా అదే, యాభై ఆరేళ్ల తేడాతో. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో ఖజానా కష్టాలు చెప్పి తర్వాతి ప్రభుత్వం దాన్ని సడలించింది. పొరుగున కర్ణాటకలో 2007 జులై 1 నుంచి సారా నిషేధించారు, తక్కిన మద్యం యథాప్రకారం సాగింది.

దూబగుంట కథలో సాధారణంగా దుకాణాల సంగతే చెబుతారు. బ్యాంకు మనిషిగా నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది 'పొదుపు లక్ష్మి'. సారా ఉద్యమం నడిపిన నెల్లూరు ఆడవాళ్లు రోజుకు ఒక్కో రూపాయి చొప్పున దాచుకునే సంఘాలు పెట్టుకున్నారు. దుకాణానికి పోయే రూపాయికి వెంటనే మరో చోటు చూపించారు. నాబార్డు వారు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం ప్రారంభించినది కూడా 1992లోనే. తర్వాతి కాలంలో ఆ సంఘాల ఖాతాలు తెరవని శాఖ లేదంటే అతిశయోక్తి కాదు. ఆడవాళ్లకు ఆ సంఘం డబ్బుకు చోటే కాదు, వారానికోసారి కలుసుకుని కష్టసుఖాలు చెప్పుకునే చోటు కూడా అయింది. మరి మానిన మగవాడికి? అతనికి అటువంటి చోటు ఎవరూ చూపలేదు. 1997లో నిషేధం సడలేసరికి చాలామంది పాత చోటుకే తిరిగి వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

మానడం ఎంత పనో పక్కనుండి చూసినవాళ్లకు తెలుసు. ముందు శరీరం ఎదురు తిరుగుతుంది. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాడు హఠాత్తుగా ఆపితే, ఒక రోజు గడవకముందే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి రెండు రోజుల్లోపు మూర్ఛలు వస్తాయి. మరికొందరికి రెండో మూడో రోజున లేనివి కనిపించి, వినిపించి, ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత అటువంటివాడు గదిలో తలుపు వేసుకుని పంతం పట్టడం ప్రమాదం. వైద్యుని దగ్గర, విటమిన్లతోనూ మందులతోనూ ఆ నాలుగైదు రోజులు దాటాలి. 1948లో డెన్మార్కు పరిశోధకులు వెల్లడించిన డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది వేసుకున్నవాడు తాగితే గుండె దడ, వాంతులు వస్తాయి, ఆ భయంతో గ్లాసు జోలికి పోవడానికి జంకుతాడు. దాన్ని మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెట్టే ఇళ్లున్నాయి. అది మహా ప్రమాదం. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చెబితేనే వాడవలసిన మందు అది. చెన్నైలో 1980లో టి.టి. రంగనాథన్ పేరిట మొదలైన చికిత్సా సంస్థ, బెంగళూరులో నిమ్‌హాన్స్ ఈ పనిలో మన ప్రాంతాలవారికి అందుబాటులో ఉన్నాయి.

శరీరం వారం రోజుల్లో సర్దుకుంటుంది. నిద్ర సరిపడడానికి నెలలు పట్టవచ్చు. మనసు ఇంకా ఆలస్యం. చికిత్స చేసేవాళ్లు చెప్పేది ఏమిటంటే, మళ్లీ మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది తొలి కొద్ది నెలల్లోనే జారిపోతారు. అంటే కేవలం ఆసుపత్రిలో గడిపిన రోజులతో పని తీరదు, ఇంటికి వచ్చాక గడిచే వందా నూటయాభై సాయంత్రాలే అసలు పరీక్ష. జీతాల రోజు, పండుగ, పెళ్లి, చావు ఇంటి పెద్దకర్మ, పాత స్నేహితుడి పిలుపు, ఊరికే కూర్చున్న ఆదివారం. ఒక్కోటీ ఒక్కో గండం.

మన భాష కూడా అతనికి పెద్ద సాయం చేయడం లేదు. తాగేవాడికి తాగుబోతు అని పేరుంది. మానినవాడికి ప్రత్యేకంగా పేరే లేదు. పదేళ్లయినా 'ఒకప్పుడు తాగేవాడు' అనే అంటాం. సారానూ మందే అంటాం, దాన్ని మాన్పించేదాన్నీ మందే అంటాం. పెళ్లివారింట్లో గ్లాసు పట్టుకోనివాణ్ణి "ఏం, ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతాం. తాగినన్నాళ్లు ఎవరూ అడగని ప్రశ్న అది.

మనవంటి సరిహద్దుల అవతలి తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మానినవాడు నలుగురిలో కూర్చుని తన గోడు చెప్పుకోవాలంటే సేలంలో తమిళం, బళ్లారిలో కన్నడం, షోలాపూరులో మరాఠీ. ఈ భాషల్లో మనం బేరం చేయగలం, ఉద్యోగం చేయగలం. కాని కడుపులో ఉన్న మాట, సిగ్గుపడే మాట, అమ్మతో చెప్పుకునేంత మాట సొంత భాషలోనే నోట వస్తుంది. పరభాషలో మనిషి తన తప్పును కూడా మర్యాదగానే చెబుతాడు. మర్యాదగా చెప్పిన దానితో బరువు దిగదు. అందుచేత మన ఊళ్లలో తెలుగులో కూర్చునే చోటు ఉండటం భాషాభిమానానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. కొన్ని ఇళ్లలో అది దీపం ఆరకుండా చూసే విషయం.

అటువంటి చోట్లు మనకు లేకపోలేదు. చాలా ఊళ్లలో మన పెద్దలు చందాలు పోగుచేసి కట్టిన తెలుగు సంఘం హాళ్లున్నాయి, భజన మందిరాలున్నాయి, తెలుగు గ్రంథాలయాలున్నాయి. ఉగాదికీ వార్షికోత్సవానికీ తెరుచుకుని, తక్కిన రోజుల్లో చాలా వరకు తాళం వేసి ఉంటాయి. బ్యాంకు భాషలో చెప్పాలంటే అవి నిద్రపోతున్న ఖాతాలు. రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తాళం తీసి, నాలుగు పత్రికలు, ఒక క్యారమ్ బల్ల, కాఫీ ఏర్పాటు చేయడానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఉపన్యాసాలు వద్దు. వచ్చినవాణ్ణి నువ్వు తాగుతావా మానావా అని అడగవద్దు. కూర్చోనిస్తే చాలు. అలా కూర్చునేవాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఒకరి కథ ఒకరికి తెలిస్తే, తక్కిన పని వాళ్లే చూసుకుంటారని ఆక్రన్ అనుభవం చెబుతోంది.

దుకాణాలు మూయడం, తెరవడం ప్రభుత్వాల చేతిలో ఉంది. 1937 నుంచి ఇప్పటి దాకా అవి ఎన్నిసార్లు మూశాయో, ఎన్నిసార్లు తెరిచాయో చూశాం. మర్నాటి సాయంత్రం మాత్రం మన చేతిలో ఉన్నది. హాలు తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడంతో మొదలుపెట్టవచ్చు.